ఎవరూ పోయని నూనె

పోయిన నెల మా పాత ల్యాబులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఫోను చేసింది. "మేడం, ఒక బస్సు నూనెలో ఇనుము నూట ముప్ఫై వచ్చింది. నాలుగు రోజులు ఘాట్ రోడ్డు మీద తిరిగిందంట. డ్రైవరు సరిగా తోలలేదని రాసెయ్యమంటున్నారు. రాసెయ్యనా?" అని అడిగింది.

"ఆ బండిలో నీళ్ళు ఎవరు పోశారు? ఎక్కడివి పోశారు?" అన్నాను.

"నీళ్ళా? నేను నూనె గురించి చెబుతున్నా మేడం" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు. ఒకప్పుడు అచ్చం ఆ పిల్లలాగే మాట్లాడిన నా మీద. ఫోనులో చెప్పగలిగినంత చెప్పాను. చాలదనిపించి ఇది రాస్తున్నాను.

నరసరావుపేటలో ఒక రవాణా కంపెనీ వర్క్‌షాపు పక్కన, నూనె పరీక్షల గదిలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాను. కంపెనీ పేరు చెప్పను, ఇప్పుడు అందులో ఉన్నవాళ్ళకు ఈ కథతో సంబంధం లేదు. అద్దెకు తిరిగే బస్సులుండేవి, సున్నపురాయి తోలే టిప్పర్లుండేవి. వాటి ఇంజన్లలోంచి తీసిన నూనె చిన్న సీసాల్లో నా బల్ల మీదికి వచ్చేది. దాన్ని పరీక్షించి, ఇంజను లోపల ఏం జరుగుతోందో ఒక కాగితం మీద రాసిచ్చేదాన్ని. నా ఉద్యోగం మొత్తం ఇంతే.

డ్రైవర్లు నన్ను అక్కా అని పిలిచేవారు. నాకు నోరు ఎక్కువ, కోపం ఇంకా ఎక్కువ. మురికి సీసాలో నూనె తెస్తే సీసాతో సహా బయటికి తరిమేదాన్ని. అయినా తిరునాళ్ళ నుంచి వస్తే మరమరాల పొట్లం నా బల్ల మీద పెట్టకుండా ఒక్కడూ ఇంటికి పోయేవాడు కాదు. నేను చెప్పబోయే తప్పు కోపంలో చేసింది కాదని ముందే చెబుతున్నాను. ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ, చల్లగా చేశాను.

సీసాలో కనపడేది

ఇంజను లోపల ఏది అరిగినా దాని పొడి నూనెలో తేలుతుంది. ఇనుము పెరిగితే సిలిండర్ల లోపలి గొట్టాలు, వాటినే లైనర్లంటాం, అవో, గేర్లో అరుగుతున్నాయి. సీసం పెరిగితే బేరింగులు పోతున్నాయి. సిలికాను పెరిగితే దుమ్ము దూరింది. ఇంజను వేడెక్కకుండా రేడియేటరులో పోసే కూలెంటు లోపలికి కారితే సోడియం, పొటాషియం కలిసి వస్తాయి. నీళ్ళున్నాయో లేదో తెలియాలంటే వేడి పెనం లాంటి పలక మీద ఒక చుక్క వేస్తాం. చిటపటలాడితే నీళ్ళున్నట్టు, ఊరికే పొగ వస్తే లేనట్టు.

ఇదంతా మీకు వారం రోజుల శిక్షణలో చెబుతారు. నేను చెప్పేది శిక్షణలో చెప్పనిది. బండిని గట్టిగా తోలిన తర్వాత తీసిన నూనె చాలా గడుసుది. బరువుతో కొండ ఎక్కినప్పుడు, ఒకటో గేరులో గంటల తరబడి పాకినప్పుడు అన్ని అంకెలూ కొంచెం కొంచెం పెరుగుతాయి. అసలు జబ్బు ఉన్నా ఆ గుంపులో కలిసిపోతుంది. పైగా నూనె బాగా కాగి ఉంటుంది కాబట్టి అందులో పడ్డ నీళ్ళు ఆవిరైపోతాయి. చుక్క పలక మీద వేస్తే నోరెత్తదు. మీరు హాయిగా "నీళ్ళు లేవు" అని రాస్తారు. నేనూ అలాగే రాశాను.

కరీముల్లా బాబాయి నేర్పిన పాఠం

మా హెడ్ మెకానిక్కు కరీముల్లా గారిని నేను బాబాయీ అనేదాన్ని. ఆయన చదివింది అయిదో తరగతి. ఇంజను మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఏ సిలిండరు మూలుగుతోందో చెప్పేవాడు. నేను కొత్తగా చేరిన రోజుల్లో రెంటచింతల వైపు తిరిగే ఒక టిప్పరు నూనెలో సిలికాను విపరీతంగా వచ్చింది. ఎండాకాలం రెంటచింతల దుమ్ము ఎలా ఉంటుందో తెలుసు కదా, ఇంకేముంది, "గాలి ఫిల్టరు చిరిగింది, డ్రైవరు చూసుకోవడం లేదు" అని టకటకా రాసిచ్చాను. బాబాయి ఆ కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయ్, కాయితం సదివావు, బానే ఉంది. బండి కాడికొకసారి రా."

వెళ్ళాను. ఫిల్టరు కొత్త చీరలా ఉంది, ఎక్కడా చిరుగు లేదు.

"పోయిన వారం దీనికి గ్యాస్కెట్టు మార్చా. సుట్టూ పేస్టు పెట్టా. ఆ పేస్టులో ఏముంటదో నీకే తెలవాల" అన్నాడు.

ఉండేది సిలికానే. దుమ్మయితే సిలికానుతో పాటు అల్యూమినియం కూడా పెరగాలి. అది పెరగలేదు, నేను చూడనూ లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ డ్రైవరు దగ్గరికి పోయి, పొరపాటు నాదేనని చెప్పుకున్నాను. ఒక్క అంకెను చూసి తీర్పు చెప్పకూడదనీ, దాని జంట అంకె కూడా పెరిగిందో లేదో చూడాలనీ ఆ రోజు నా బుర్రలో మేకు దిగినట్టు దిగింది. ఏళ్ళ తరబడి ఆ పాఠం నన్ను కాపాడింది. చివరికి నా కొంప ముంచింది కూడా అదే.

కొండకు వెళ్ళిన ఏడు బస్సులు

ఆ ఏడు శివరాత్రికి మా కంపెనీ నుంచి ఏడు బస్సులు కోటప్పకొండకు పోయాయి. మూడు రోజులు ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. జనం రోడ్డు మీదే నడుస్తుంటారు కాబట్టి బండి పాకాలి తప్ప పరుగెత్తడానికి ఉండదు. ఆగినా ఇంజను ఆపడానికి లేదు. వెనక పదిమంది హారన్లు కొడుతుంటారు. ఇంజనుకు అంతకంటే పెద్ద పరీక్ష మా ప్రాంతంలో లేదు. అందుకే బస్సులు తిరిగి రాగానే, ఇంజను ఇంకా వేడిగా ఉండగానే, ఏడింటి నూనె తీయించి నా దగ్గరికి పంపమని రూలు పెట్టించాను.

ఏడింటిలో ఒక బస్సు సైదులుది. సైదులుకు అప్పటికి నలభై దాటాయి. వాళ్ళది గురజాల దగ్గర పల్లె. తొమ్మిదేళ్ళుగా మా దగ్గర తోలుతున్నాడు, ఒక్క మనిషిని గీరింది లేదు. మాట తక్కువ. వాడు తెచ్చే సీసా మాత్రం కడిగి తుడిచినట్టుండేది. నాకు సొంత తమ్ముళ్ళు లేరు. వాడు అక్కా అని పిలిస్తే ఆ పిలుపు నాకే అన్నట్టుండేది.

బస్సులు వచ్చిన మరునాడు పరీక్ష చేశాను. ఆరు బస్సుల్లో అంకెలు కొంచెం కొంచెం పెరిగాయి, అనుకున్నట్టే. సైదులు బస్సులో ఇనుము నూట నలభై, మిగతావాటికి రెండింతల పైన. సీసం మామూలుకు మూడింతలు. సోడియం కూడా ఎక్కువే, ఎనభై పైన. చుక్క పలక మీద వేశాను, చప్పుడు లేదు. పొటాషియం చూశాను, లేనట్టే. నాకు బాబాయి పాఠం గుర్తొచ్చింది. కూలెంటు కారితే రెండూ రావాలి, ఒకటే వచ్చింది, కాబట్టి ఇది కూలెంటు కాదు. మూడు రోజుల చెమట చేతులతో సీసా పట్టుకుని ఉంటాడు, ఉప్పు అంటుకుని ఉంటుంది అనుకున్నాను. ఎంత తెలివి! తొమ్మిదేళ్ళుగా నాకు ఒక్క మురికి సీసా ఇవ్వని మనిషికి ఆ పూట చెమట చేతులు అంటగట్టాను.

ఒక్క వాక్యం

మేనేజరు నా గదికి వచ్చి కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడని చెప్పను. బండ్లు ఆగకూడదు, అంతే ఆయన లోకం. బండి ఆగితే తప్పు ఎవరిదో సాయంత్రం లోపల తేలాలి.

"ఏడు బండ్లూ ఒకే కొండెక్కాయి గదా రమాదేవి గారూ. ఆరు బాగుండి ఇదొక్కటే ఎందుకిట్టా అయింది? తోలేవాణ్ణి బట్టేగా. తప్పుడు గేర్లో రేగ్గొట్టుంటాడు. అదేదో రాసిచ్చేయండి."

నాకూ అది సబబుగానే అనిపించింది. ఒకే కొండ, ఒకే మూడు రోజులు, ఒకే రకం బస్సులు. తేడా డ్రైవరులో కాక ఎక్కడుంటుంది? రాశాను. "ఇంజనును మితిమీరి తోలడం వల్ల అరుగుదల. జాగ్రత్తగా తోలితే బండి తిరగవచ్చు." సంతకం పెట్టాను. మిగిలిన టీ తాగాను.

ఆ కాగితం ఏం చేస్తుందో నాకు తెలియదని ఇప్పుడు అంటే అబద్ధమవుతుంది. బండిని పాడుచేశాడని ల్యాబు రాసిస్తే ఆ డ్రైవరును తీసేస్తారు. అలా తీసేసినవాణ్ణి చుట్టుపక్కల ఏ ఓనరూ పెట్టుకోడు, మాట ఫోనులో బండికంటే ముందు పోతుంది. మధ్యాహ్నానికల్లా సైదులు దగ్గర తాళాలు తీసుకున్నారు. మరునాడు ఆ బస్సు మాచర్లకు ఒక పెళ్ళివారి కిరాయికి వెళ్ళాల్సి ఉంది. దానికి కొత్త డ్రైవరును వేశారు.

మూడుసార్లు చెప్పిన మాట

మరునాడు పొద్దున తొమ్మిది దాటాక సైదులు వచ్చాడు. ఖాకీ చొక్కా లేదు. గళ్ళ చొక్కాలో వాణ్ణి చూడటం అదే మొదటిసారి. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అక్కా, నేనట్టా తోలలా."

"ఒరేయ్, నేను రాసింది నూనె చెప్పిన మాటరా. నా సొంత మాట కాదు."

"నూనె సంగతి నాకు తెలవదు. బండి నీళ్ళు తాగతందని మేనేజరు గారికి మూడు సార్లు చెప్పా. తిరణాలకు ముందే రెండు సార్లు, కొండ మీంచి ఫోను చేసి ఒకసారి. రాసుకున్నోళ్ళు లేరు. కొండ కింద బోరు కాడ క్యాన్లకు క్యాన్లు పట్టి పోశా. నీళ్ళు ఏడకి పోతన్నాయో ఎవరికీ పట్టలా. నన్ను తీసేశారు సరే, నా పేరెందుకు చెడగొట్టావక్కా? రేపు ఎవురిస్తారు నాకు స్టీరింగు?"

నేనేమన్నానో ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు. "నాకు పని ఉంది, మేనేజరుతో మాట్లాడుకో" అన్నాను. వాడు నా వంక చూసి, వెనక్కి తిరిగి మెట్లు దిగాడు.

వాడు గేటు దాకా పోయుంటాడేమో. బోరు నీళ్ళన్న మాట అప్పుడు నా తలలో గిర్రున తిరిగింది. మా వైపు బోర్లలో సగం ఉప్పునీళ్ళు. నోట్లో పోసుకుంటే ఉమ్మేయాలి. ఉప్పంటే సోడియమే కదా! పొటాషియం ఎక్కణ్ణుంచి వస్తుంది? కూలెంటు ఉంటే గదా అది కారడానికి! ఆ రేడియేటరులో కూలెంటు ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటుంది, ఉన్నదంతా బోరు నీళ్ళే. అవి ఇంజనులోకి కారుతున్నాయి. కాగిన నూనెలో నీళ్ళు ఆవిరైపోయి, ఉప్పు మాత్రం మిగిలింది. ఆ ఉప్పును సైదులు చేతి చెమట అనుకున్నాను. నా చదువు తగలెయ్య!

బాబాయి దగ్గరికి పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

"బాబాయీ, మాచర్ల బస్సు పోయిందా?"

"ఎనిమిదింటికే పాయె. పెండ్లికూతురోళ్ళు యాభై మంది ఎక్కారు. ఏందమ్మాయ్, అట్టా ఉరికొచ్చావు?"

"పొద్దున నూనె మట్టం చూశారా?"

"నేనే చూశా. నిండుగా ఉండాది. గీత దాటి ఉండాది."

"ఎవరు పోశారు?"

బాబాయి షెడ్డు వంక చూశాడు. మా వర్క్‌షాపులో ఒక ఆనవాయితీ ఉండేది. పెళ్ళికి పోయే బండి వెలితిగా పోకూడదని ముందు రోజే ఎవరో ఒకరు ఒక డబ్బా నూనె పోసి, నిండుగా చేసి పెట్టేవారు. ఎవరు పోశారని ఎవరూ అడగరు, శుభకార్యం కాబట్టి అడగడం పద్ధతి కాదు. ఆ పొద్దున గీత దాటిన మట్టం చూసి, ఎవరో నిండు మనసుతో పోశారనుకుని బాబాయి దణ్ణం పెట్టుకుని మూత బిగించాడు.

షెడ్డులో ఉన్న ఆరుగురినీ పిలిచి అడిగాడు. నేను కాదంటే నేను కాదన్నారు. స్టోరు కుర్రాడు డబ్బాలు లెక్క చూసి, అన్నీ సీలుతో ఉన్నాయన్నాడు.

బాబాయి ముఖం తెల్లబోయింది. "యా అల్లా! అమ్మాయ్, రెండు రోజులు బండి చల్లగా నిలబడింది. నిలబడ్డంత సేపూ నీళ్ళు దిగుంటాయి. ఆ పైకి లేసింది నూనె కాదు, అడుగున నీళ్ళు."

గురజాల రోడ్డు మీద

నీళ్ళు కలిసిన నూనె బేరింగులను కాపాడలేదు. సీసం మూడింతలు అయిందంటే అవి అప్పటికే సగం పోయాయి. ఇంజను నడిరోడ్డు మీద బిగుసుకుపోతుంది. స్టీరింగు బండరాయిలా అవుతుంది. ఎదురుగా రాయి వేసుకొచ్చే టిప్పర్లు. లోపల యాభై మంది, పెళ్ళికూతురు, పిల్లలు. ఇవన్నీ నా కళ్ళ ముందు ఒక్కసారిగా కదిలాయి. "జాగ్రత్తగా తోలితే బండి తిరగవచ్చు" అని రాసిన చెయ్యి నాది.

కొత్త డ్రైవరుకు ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. బండి నడుపుతూ ఫోను ఎత్తకూడదని రూలు, పాపం వాడు రూలు పాటిస్తున్నాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ. మేనేజరుకు చేశాను.

"ఇదేందండీ? నిన్ననేగా తిరగొచ్చని రాసిచ్చారు. ఇప్పుడు పెళ్ళోళ్ళను నడిరోడ్డు మీద దింపమంటారా? ముహూర్తం పదకొండున్నరకు. వాళ్ళు ఊరుకుంటారా?"

"నిన్న నేను రాసింది తప్పు. బండి ఆపించండి. పెళ్ళివారెవరి నంబరైనా ఇవ్వండి."

"నా దగ్గర పెళ్ళికూతురి తండ్రి నంబరే ఉంది. ఆయన ముందే మాచర్ల పోయాడు, పెళ్ళి హడావుడిలో ఫోను ఎత్తడు. కంగారు పడబాకండి. మాచర్ల చేరాక చూద్దాం లే" అని పెట్టేశాడు.

టైము తొమ్మిదిన్నర దాటింది. నేను గేటు బయటికి పరుగెత్తాను. సైదులు రోడ్డు దాటి ఆటో కోసం నిలబడి ఉన్నాడు. అరిచాను. వాడు చూశాడు, రాలేదు. నేనే లారీల మధ్య నుంచి రోడ్డు దాటి పోయాను.

"ఒరేయ్ సైదులూ, నేను తప్పు రాశానురా. నీ బండిలోకి నీళ్ళు దిగుతున్నాయి. వాడు ఫోను ఎత్తడం లేదు. యాభై మంది ఉన్నారు. ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు."

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. సెల్లు తీసి టైము చూసుకున్నాడు.

"ఎనిమిదింటికి బయల్దేరితే పిడుగురాళ్ళ దాటుంటాడు. గురజాల దాటాక లారీల కాటా కాడ టీ కొట్టుంది, పక్కనే బోరుంది. నీళ్ళ వేడి చూపే ముల్లు ఆడికి ఎర్రగీతలోకి పోద్ది. నాకు రోజూ అట్టనే పోయేది. నీళ్ళు పోసుకోకుండా ఆ బోరు దాటలేడు. ఆ కొట్టాయన నంబరు నా కాడుంది."

ఫోను కలిపాడు. "బావా, సైదుల్ని. పెండ్లి బస్సొకటి వస్తది, ముందర అరటి పిలకలు కట్టుంటయ్. నీళ్ళకు ఆగుద్ది. ఆగంగానే తాళం లాక్కో. నీళ్ళు పొయ్యనీయబాక, మళ్ళా స్టార్టు చెయ్యనీయబాక. తిట్టినా కొట్టినా ఇయ్యబాక. ఆగకపోతే రోడ్డుకు అడ్డం మంచమెయ్యి."

ఆ తర్వాత అరగంట మేము ముగ్గురం, అప్పటికి బాబాయి జీపు తీసుకుని వచ్చేశాడు, పిడుగురాళ్ళ వైపు పోతూనే ఉన్నాం. నకరికల్లు దాటాం. నా చేతిలో సైదులు సెల్లు. అది మోగదు. నేను చూసిన చుక్కలు, రాసిన అంకెలు, పెట్టిన సంతకాలు అన్నీ పనికిమాలినవిగా కనపడ్డాయి. దేవుడా, ఆ పెళ్ళికూతురి ముఖం కూడా నాకు తెలియదు అనుకుంటూ కూర్చున్నాను.

మోగింది. సెల్లు సైదులుకిచ్చాను. వాడు స్పీకరు పెట్టాడు.

"తాళం నా జేబులో ఉంది బావా. ఈళ్ళు నన్ను సంపేట్టున్నారు, బిరీనా రా!"

నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా, గట్టిగా ఏడ్చాను. సైదులు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మేము చేరేసరికి పెళ్ళివారు టీ కొట్టు మీదికి దండెత్తి ఉన్నారు. ఒక పెద్దాయన చేతికర్ర ఎత్తి, "ముహూర్తం దాటితే ఎవురిది పూచీ? చెప్పండెహే!" అని అరుస్తున్నాడు. సైదులు అప్పటికే దారిలో ఫోను చేసి మాచర్ల నుంచి రెండు వ్యాన్లు పిలిపించాడు. మేము దిగిన కాసేపటికే అవి వచ్చాయి. పెళ్ళికూతురు వ్యాను ఎక్కుతూ, మల్లెపూలు వాడిపోతున్నాయని వాళ్ళమ్మతో గొణిగింది. ఆ గొంతు ఎంత బాగుందో. ల్యాబు కాగితం సంగతి కొత్త డ్రైవరు చెప్పాడేమో, పెద్దాయన ఎక్కే ముందు నన్ను ఎగాదిగా చూసి, "ఏందమ్మా, నువ్వా బండి బాగుందని రాసింది?" అన్నాడు. నేనేనన్నాను.

ఇంజను చల్లారనిచ్చాం. గంట పైనే ఆగాక బాబాయి బండి కిందికి దూరి నూనె తొట్టి అడుగు బోల్టు వదులు చేశాడు. ముందు నీళ్ళు వచ్చాయి. తేటగా, ధార కట్టి, బకెట్టులో చప్పుడు చేస్తూ వచ్చాయి. ఆ తర్వాత మజ్జిగలా తెల్లబడ్డ నూనె వచ్చింది. సైదులు వేలు ఆ నీళ్ళలో ముంచి నాలుకకు రాసుకున్నాడు. ఉమ్మేశాడు.

"కొండ కింద బోరువి" అన్నాడు.

తర్వాత

ఇంజను విప్పితే లైనర్ల అడుగున నీళ్ళను ఆపే రబ్బరు రింగులు తినేసినట్టు అయిపోయి ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు చేసిన పని. సైదులు తోలడానికి దానితో సంబంధం లేదు. నిజానికి వాడు కాకుండా ఇంకొకడు తోలి ఉంటే ఆ బండి కొండ మీదే ఆగిపోయేదని బాబాయి అన్నాడు.

మేనేజరు, కొత్త రిపోర్టు రాసిచ్చి పాతది చింపెయ్యమన్నాడు. చింపనన్నాను. పాత కాగితం కిందనే, "ఇది నా తప్పు. డ్రైవరు తప్పు లేదు. లోపం గురించి అతను ముందే మూడుసార్లు చెప్పాడు" అని రాసి సంతకం పెట్టాను. మూడుసార్లు అన్న మాట తీసెయ్యమని ఆయన గంట సేపు కూర్చున్నాడు. నేను తియ్యలేదు. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటలు తగ్గాయి. తగ్గితే తగ్గాయి. ఇకనుంచి ప్రతి సీసాతో పాటు డ్రైవరు చేతి చీటీ రావాలని పట్టుబట్టి సాధించాను. నీళ్ళు ఎన్ని పోశారు, ఏ ఊళ్ళో పోశారు, నూనె ఎవరు కలిపారు, బండి ఏమంటోంది. చీటీ లేని సీసాను నేను ముట్టుకోలేదు.

ఆరు బస్సులు బాగుండి ఒకటి చెడితే మనిషిని చూడమన్నాడు మేనేజరు. నేనూ చూశాను. అలాంటప్పుడు మీరు ముందు బండిని చూడండి. మనిషి నోరు తెరిచి చెప్పగలడు, అడిగితే చాలు. నేను అడగలేదు.

సైదులు మళ్ళీ పనిలో చేరాడు, నేను రిటైరయ్యే దాకా అక్కడే తోలాడు. అందరికంటే శుభ్రమైన సీసా, అందరికంటే వివరమైన చీటీ వాడిదే. తిరునాళ్ళ నుంచి వస్తే మరమరాలు కూడా తెచ్చాడు. అంతా మునుపటిలాగే ఉంది, ఒక్కటి తప్ప. పనిలో చేరిన రోజు నా గుమ్మంలో నిలబడి, "మేడం గారూ, సీసా తెచ్చా" అన్నాడు. నేను తల ఎత్తి చూశాను. వాడు వేళాకోళానికి అనలేదు. ఆ తర్వాత అన్నేళ్ళూ మేడం గారే.

నా చివరి రోజున దండలు, ఫొటోలు అయ్యాక వచ్చాడు. చేతిలో సీసా, చీటీ. గదిలో ఇంకెవరూ లేరు. నేను ఆపుకోలేకపోయాను.

"ఒరేయ్ సైదులూ, ఈ ఒక్కరోజుకైనా అక్కా అనరాదట్రా?"

వాడు నవ్వాడు. మంచిగానే నవ్వాడు.

"నాకు మీ మీద కోపం లేదు మేడం. ఒట్టు. అందామనే అనుకుంటా గానీ, నోరు తిరగట్లా."

నేను సరేనన్నాను. సీసా తీసుకున్నాను. చీటీలో రాసి ఉంది: నీళ్ళు ఒక క్యాను, దాచేపల్లి బోరు, ఉప్పగా ఉన్నయ్. దాన్ని ఉన్నది ఉన్నట్టు రిజిస్టరులో ఎక్కించి, దండ తీసి బల్ల మీద పెట్టి, పలక వేడి చెయ్యడానికి స్విచ్చి వేశాను.